ఎలుక మీదికి నెట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక సినిమా పేజీలో ‘సిట్‌కామ్’ అనే ఫ్రెంచ్ సినిమా గురించి ఒక చిన్న వ్యాసం వేశారు. ఇంటి పెద్ద ఒక ఎలుకను తెస్తాడు, ఆ ఎలుక వల్ల చక్కటి కుటుంబం చెడిపోతుంది, విలువల్లేని దేశంలో ఇలాంటి సినిమాలే వస్తాయి, మన ఇండ్లలో ఇలాంటివి ఉండవు కాబట్టి మనకు పనికిరాదు అని అందులో సారాంశం. నేను హన్మకొండలో ఉంటాను. రిటైరై మూడేండ్లయింది. మీ పత్రిక మా ఇంటికి ఇరవై ఏండ్లకు పైగా వస్తోంది, ఇప్పటిదాకా ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఈ వ్యాసం చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే ఆ సినిమా నేను చూశాను, ఒకసారి కాదు రెండుసార్లు చూశాను, అందులోని ఆ ఇంటి పెద్దలో నన్ను నేను చూసుకున్నాను.

ముందుగా సినిమా సంగతి చెప్తాను, చూడనివాళ్ల కోసం. ఇది 1998 నాటిది. ఫ్రాన్స్వా ఓజోన్ తీశాడు, అంతకుముందు చిన్న సినిమాలు చాలా తీసినా పూర్తి నిడివి సినిమాల్లో అతనికి ఇదే మొదటిది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా పండుగలో క్రిటిక్స్ వీక్ అనే విభాగంలో వేశారు. గంటన్నర కూడా ఉండదు. ఊరి చివర, తోట ఉన్న పెద్ద ఇల్లు, అమ్మ, నాన్న, ఒక కొడుకు, ఒక కూతురు. ఒకరోజు నాన్న ఇంటికి వస్తూ ఒక తెల్ల ఎలుకను తెస్తాడు, ల్యాబుల్లో ప్రయోగాలకు వాడే రకం. మనకు ఎలుక అంటే వడ్ల బస్తాలు కొట్టేసే దొంగ, లేదంటే వినాయకుడి వాహనం. అక్కడ మాత్రం అది పంజరంలో, ఎర్రకండ్లతో, ఎవరు చేతిలోకి తీసుకుంటారా అని చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ఆ రాత్రే పనిమనిషి మరియా, ఆమె భర్త అబ్దు కూడా కూర్చున్న భోజనాల బల్ల దగ్గర, తనకు ఆడపిల్లల మీద మనసు లేదు, మగవాళ్ల మీదే ఉంది అని అందరి ముందూ చెప్పేస్తాడు. తర్వాత కూతురు ఎలుకను పట్టుకుంటుంది. కిటికీలోంచి దూకుతుంది. బతుకుతుంది కానీ నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకి అతుక్కుపోతుంది, దగ్గరివాళ్లను మాటలతో చేతలతో హింసించడం మొదలుపెడుతుంది. చివరికి తల్లి కూడా ఆ ఎలుకను తాకుతుంది, కొడుకును ‘బాగు చేయాలని’ ఏ తల్లీ దాటకూడని గీత దాటుతుంది.

ఇవన్నీ పెద్దవాళ్లు చూడాల్సిన విషయాలు. పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు, ఆ మాట మీ వ్యాసకర్త అన్నందుకు నాకు అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం ఎలుక గురించి. ఎలుక వల్ల ఇల్లు చెడిపోయిందని రాశారు. సినిమా అలా చెప్పదు. కొడుకు మనసులో ఉన్నది ఎలుక వచ్చాక పుట్టింది కాదు, ఎన్నో ఏండ్లుగా ఉన్నది, ఆ రోజు బయటికి వచ్చింది. కూతురి బాధా అంతే. కుండ మీద మూత తీస్తే లోపల ఉడుకుతున్నది కనబడుతుంది, ఉడికించింది మూత తీసిన చెయ్యి కాదు కదా. ఆ ఇంట్లో ఎలుక రాకముందు అంతా బాగుంది అని మనకు ఎందుకు అనిపిస్తుందంటే సోఫాలు శుభ్రంగా ఉన్నాయి, బల్ల మీద గ్లాసులు సర్ది ఉన్నాయి, అందరూ ‘ప్లీజ్, థాంక్యూ’ అంటూ మాట్లాడుకుంటున్నారు, అంతే. సినిమాకు ఆ పేరు కూడా అందుకే పెట్టాడు అనుకుంటాను. సిట్‌కామ్ అంటే టీవీలో వచ్చే నవ్వుల సీరియల్, ఒకటే ఇల్లు, ఒకటే హాలు, వారం వారం ఏదో చిన్న చిక్కు రావడం, అరగంటలో అది తేలిపోవడం. మన తెలుగు సీరియళ్లలో నవ్వులుండవు గానీ హాలు మాత్రం అదే హాలు, మధ్యలో మెట్లు, పైన గదులు. కష్టం వచ్చిన మనిషి పరుగెత్తుకుంటూ మెట్లెక్కి తలుపేసుకుంటే కింద ఉన్నవాళ్లు అటే చూస్తూ నిలబడతారు. మా ఇల్లూ అలాగే కట్టించాను.

ఇక ఆ నాన్న గురించి. మీ వ్యాసంలో ఆయన గురించి ఒక్క వాక్యమే ఉంది, ‘పాపం అమాయకుడు’ అని. సినిమా మొత్తం ఆయన చుట్టూ తిరుగుతుందని నాకనిపిస్తే మీవారికి పాపం అనిపించింది. కొడుకు తన సంగతి చెప్పినా, కూతురు కుర్చీకి పరిమితమైనా, భార్య వచ్చి ఏడ్చినా ఆయన నుంచి వచ్చేది ఒక సామెతో, ఒక నీతివాక్యమో. కోప్పడడు, తిట్టడు, చెయ్యెత్తడు, బయటికి వెళ్లి తాగి రాడు. మన లెక్కలో చాలా మంచి మనిషి. ఎవరు ఏం చెప్పినా నెమ్మదిగా వింటున్నట్టు కనబడి, పెద్దల మాట ఒకటి చెప్పి, తన పనిలోకి తాను వెళ్లిపోతాడు. ఇంటివాళ్లంతా ఒక మనస్తత్వ నిపుణుడి దగ్గరికి వెళ్దామంటే ఆయన మాత్రం రాడు.

నేను కూడా అదే మనిషిని. మా బిడ్డ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా సెలవులకు వచ్చి మళ్లీ పోనన్నది. పందొమ్మిదేండ్ల పిల్ల. ఎందుకు పోవు బిడ్డా అంటే చెప్పలేదు. మేము అప్పటికి భీమారం దాటాక కొత్తగా వచ్చిన కాలనీలో డూప్లెక్స్ కట్టుకుని రెండేండ్లయింది. పైగది ఆమెది. ఎనిమిది నెలలు ఆ గదిలోంచి కిందికి వచ్చింది చాలా తక్కువ. మా ఇంటామె పళ్లెం పైకి తీసుకుపోయేది, సగం మిగిలిన పళ్లెం కిందికి తెచ్చేది. పక్కింటివాళ్లు అడిగితే కాలేజీలో సెలవులని చెప్పాం, తర్వాత ఆన్‌లైన్ క్లాసులన్నాం, ఆ తర్వాత వాళ్లే అడగడం మానేశారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ అనేది, నేనూ అదే మాట ఇంట్లో పదిసార్లు అన్నాను. బిడ్డతో ఏం మాట్లాడానో కూడా నాకు బాగా గుర్తుంది. కాలమే అన్నిటికీ మందు అన్నాను. నిదానమే ప్రధానం అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు, ఇప్పుడే ఆలోచించుకో అని కూడా అన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు లోపల ఏదోలా అవుతుంది, ఎందుకంటే అప్పటికే ఆ పిల్ల చేతులు కాలి ఉన్నాయి.

ఒకరోజు రాత్రి, కరెంటు పోతే, కొవ్వొత్తి ఇద్దామని పైకి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఏదో అనబోతే తనే ముందు అన్నది. “బాపూ, నువ్వేం చెప్పకు. జర సేపు గిక్కడ కూసో.” కూర్చున్నాను. కరెంటు వచ్చిన తర్వాత కూడా కూర్చున్నాను. నేను ఏమీ అనకపోతే తను మాట్లాడింది. ఆమె మాట్లాడిన సంగతులు ఆమెవి, ఇక్కడ రాయను. తర్వాతి వారం ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాం, మానసిక వైద్యురాలి దగ్గరికే, ముగ్గురం వెళ్లాం. మొదటి రెండుసార్లు నేను బయట కారులోనే కూర్చుంటానంటే ఆ డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

ఇప్పుడు బిడ్డ బాగుంది. దూరవిద్యలో డిగ్రీ చేస్తోంది. మందులు ఏడాదిన్నర వాడి, డాక్టర్ చెప్పాక ఆపేసింది.

ఆ సినిమా చూపించింది మా కొడుకు. దసరాకు వచ్చినప్పుడు, కాజీపేటలో దింపుకుని ఇంటికి తెస్తుంటే దారిలో, బాపు నీకు ఒక సినిమా చూపిస్తా, కోపం చేయొద్దు అన్నాడు. సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లంతా బతుకమ్మ దగ్గరికి వెళ్తే మేమిద్దరం ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. ఫ్రెంచ్ మాటలు, కింద ఇంగ్లిష్ అక్షరాలు, నాకు కొంచెం కష్టమైంది, రెండుమూడు చోట్ల వాడే ఆపి చెప్పాడు. మొదట్లో నవ్వాను. ఆ నాన్న రెండోసారి సామెత చెప్పినప్పుడు నవ్వు ఆగిపోయింది, మావాడు నా వైపు చూడకుండా తెర వైపే చూస్తున్నాడు, వాడు అది ఎందుకు చూపిస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

సినిమాలో అందరూ ఎలుకను ముట్టుకుంటారు. ఆ నాన్న చివరికి ఏం చేస్తాడంటే, దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి వండి తినేస్తాడు. అక్కడ మావాడు ల్యాప్‌టాప్ ఆపి “చూసినవా” అన్నాడు. మనం కష్టాన్ని కడుపులో పెట్టుకున్న మనిషిని ఎంత మెచ్చుకుంటాం. ఆయన అంతా కడుపులో దాచుకున్నాడు, నోరు తెరిచి ఒక్కమాట అనలేదు, ఎంత ఓపికో అని చావు దగ్గర కూడా చెప్పుకుంటాం. మింగేశాడు అంటాం, బాధను మింగేశాడు అని. ఇది ఫ్రెంచ్ వాడికి తెలుసో తెలియదో నాకు తెలియదు, తెలుగులో మాత్రం ఆ మాట ముందే ఉంది. మింగిన తర్వాత ఆయన మనిషంత ఎలుక అవుతాడు, ఆ రూపంలో భార్య మీద పడతాడు, కూతురే చంపుతుంది. సమాధి దగ్గర మిగతావాళ్లంతా నిలబడి ఉంటారు, ఒక్కరి మొహంలోనూ ఆందోళన లేదు. ఆయన ఉన్నన్ని రోజులు ఆ ఇల్లు ఊపిరి బిగబట్టుకుని ఉంది, ఇప్పుడు వదిలింది. మీ వ్యాసకర్త దాన్ని ‘పైశాచిక ముగింపు’ అన్నారు. అక్కడ నాకు వచ్చింది భయం. నేను పోయిన రోజు నా పిల్లల మొహాలు ఎట్లా ఉంటాయి అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను, నిద్ర పట్టలేదు.

మనకు ఇలాంటివి లేవు అన్న మాటకు వస్తాను. ఆ కొడుకు సంగతే తీసుకోండి. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. ‘మార్పిడి వైద్యం’ పేరుతో ఇలాంటివాళ్లను మారుస్తామని డాక్టర్లు చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. కానీ మన దగ్గర చికిత్స ఆసుపత్రిలో జరగదు, పెండ్లి మండపంలో జరుగుతుంది. పెండ్లి చేస్తే సర్దుకుంటాడు అనే మాట నేను మా చుట్టాల్లోనే విన్నాను, ఆ పెండ్లి జరిగింది కూడా, ఆ వచ్చిన పిల్ల ఏడాది తిరగకముందే పుట్టింటికి పోయింది, ఇప్పటికీ తప్పు ఆ పిల్లదే అని చెప్పుకుంటారు. ఆ సినిమాలో తల్లి చేసింది చూసి ఛీ అనుకుంటాం, అనుకోవాల్సిందే, కానీ ఒక పరాయి ఇంటి ఆడపిల్లను తెచ్చి మందులాగా వాడటం దాని కంటే ఏం తక్కువ అని ఎవరైనా నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు.

సినిమాలో లోపాలు లేవని నేననడం లేదు. మరియా, అబ్దు విషయంలో నాకు బాగా అనిపించలేదు. అబ్దు ఆఫ్రికా నుంచి వచ్చినవాడు, మరియా స్పెయిన్ మనిషి, ఇద్దరూ ఆ ఇంటివాళ్ల ఆటలో పావులయ్యారే గానీ వాళ్ల ఇల్లు ఎట్లా ఉంటుంది, వాళ్లకేం కావాలి అన్నది దర్శకుడు అడగలేదు. కూతురి కుర్చీ మీద నవ్వు పుట్టించాలని చూసిన చోట కూడా నాకు నవ్వు రాలేదు. అప్పటికి ముప్పై ఏండ్లు దాటిన కుర్రాడు, తొందర ఎక్కువ, అందరినీ ఉలిక్కిపడేట్టు చేయాలనే పట్టుదల కనబడుతుంది. తర్వాత 2000లో ‘అండర్ ద శాండ్’ అనే సినిమా తీశాడు, భర్త సముద్రంలోకి వెళ్లి తిరిగి రాకపోతే అతను ఇంకా ఉన్నట్టే బతికే భార్య కథ. అందులో ఇంత గోల లేదు, ఎంతో నెమ్మదిగా చెప్పాడు, నాకు అదే ఎక్కువ నచ్చింది. అది కూడా మావాడే పంపాడు.

నవ్విస్తూ ఇంటి గుట్టు బయటపెట్టడం మనకు కొత్తేం కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో చిందు బాగోతం అనే వీధినాటకం ఆడేవాళ్లు. రాజు, రాణి ఏడుస్తుంటే మధ్యలో నవ్వించే వేషగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చి నానా అల్లరి చేసేవాడు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల మీద కూడా విసురు విసిరేవాడు. ఆ పెద్దమనుషులు నవ్వాల్సిందే, లేస్తే పరువు పోతుంది. మా పెద్దనాయిన ఒకసారి అట్లా నవ్వి ఇంటికొచ్చి ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు, మర్నాడు పొద్దున్నే విడిగా ఉంటున్న తమ్ముడి ఇంటికి పోయి వచ్చాడు. ఆ బాగోతంలో ఏమన్నారో నాకు తెలియదు, చిన్నపిల్లాడిని. డార్క్ కామెడీ అని ఇప్పుడు ఇంగ్లిష్ పేరు పెట్టుకుని అది ఫ్రాన్స్ నుంచి దిగుమతైంది అనుకుంటున్నాం.

నేను మిమ్మల్ని అడిగేది ఏమిటంటే, ఆదివారం పేజీలో సగం పైగా హీరోల పుట్టినరోజు ఫొటోలే ఉంటాయి, వాటిలో ఒకటి తగ్గించినా ఇలాంటి సినిమాల మీద ఇంకొంచెం పెద్దగా రాయించవచ్చు, చూసి రాసేవాళ్లతో రాయించండి. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీవాళ్లు ఎన్నో ఏండ్లుగా బయటి దేశాల సినిమాలు తెచ్చి వేసి, వేసిన తర్వాత మాట్లాడుకునే అలవాటు చేశారు. మన హన్మకొండలో 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, అంత మంచి హాలు, కాకతీయ యూనివర్సిటీ ఉంది, నిట్ ఉంది, నెలకోసారి ఒక సినిమా వేసి తర్వాత గంటసేపు కూర్చుని మాట్లాడుకోవడానికి మనుషులు దొరకరా? పెద్దవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టండి. నేను కుర్చీలు సర్దడానికైనా వస్తాను.

ఇంకొకటి, ఇది మాత్రం మీరు తప్పకుండా చేయాలి. మీ వ్యాసంలో ఆ సినిమాలోని కూతురు దూకడాన్ని ‘కిటికీలోంచి ఒక్క దూకు, థియేటర్‌లో నవ్వులు’ అని రాశారు. ఆ పేజీ చదివే ఇండ్లలో పైగదులున్నాయి, ఆ గదుల్లో పిల్లలున్నారు. ఇంటర్ ఫలితాల రోజుల్లో ఈ జిల్లాల్లో ఏం జరుగుతుందో వార్తలు వేసేది మీరే, ఫలితాలొచ్చాక పిల్లలు ప్రాణాలు తీసుకున్న 2019 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి మాట రాసినప్పుడు కింద ఒక్క లైను ఇవ్వాలి, టెలీ మానస్ నంబర్ 14416 అని. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సేవ, మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేస్తారు, డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మాకు ఆ రోజుల్లో ఈ నంబర్ ఉందని తెలియదు. చెప్పినవాళ్లు లేరు, మేము ఎవరినీ అడగలేదు కూడా, ఇంట్లోంచి మాట బయటికి పోవద్దని కదా.

ఈ ఉత్తరం పంపే ముందు బిడ్డకు ఇచ్చాను, నీకు ఇష్టం లేకపోతే చింపేస్తానన్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొత్తం చదివింది. రెండు వాక్యాలు కొట్టేసింది. నేను ఆరు నెలలని రాసిన చోట ఎనిమిది అని దిద్దింది. కొవ్వొత్తి సంగతి దగ్గర పక్కన పెన్నుతో “తలుపు తీసి లేకుండె, నువ్వు కొట్టినవ్, నేను తీసిన” అని రాసింది. తలుపు తీసే ఉందని నాకు గట్టిగా గుర్తు. అందుకే పైన నేను రాసింది మార్చలేదు, ఆమె రాసింది కూడా ఇక్కడ పెడుతున్నాను, వేస్తే రెండూ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హన్మకొండ